సూదిని నమ్మమన్నాను

నా పేరు ఇష్బెల్ గెడిస్. వయసు అరవై ఒకటి. పోస్టాఫీసులో గుమాస్తాను. శనివారాల్లో మా కొండనడక సంఘంలో కొత్తవాళ్ళకు మ్యాపు, దిక్సూచి చూడడం నేర్పుతాను. ఇరవై రెండేళ్ళుగా నేర్పుతున్నాను.

ఈ రోజు జనవరి పద్నాలుగు. ఉదయం ఎనిమిదీ పదికి నేనూ నా భర్త ఫర్కరూ క్రెయిగ్ వోర్ అనే కొండ ఎక్కడం మొదలుపెట్టాం. పదకొండూ నలభైకి శిఖరం మీది రాళ్ళకుప్పను చేత్తో తాకాం. తాకకపోతే మావాళ్ళలో ఎక్కినట్టు కాదు. అప్పటికే మబ్బు దిగిపోయింది. నేలా ఆకాశం ఒకటే తెలుపు. నా బూట్లు నాకే సరిగ్గా కనబడలేదు.

దిగాలంటే పడమరకు నడవాలి. ఉత్తరాన నిట్టనిలువు అంచు. ఇలాంటప్పుడు ఒకరు పది అడుగులు ముందు నడుస్తారు, వెనకవాళ్ళు దిక్సూచి చూసి సరిదిద్దుతారు. ఫర్కర్ ముందు నడిచాడు. "నువ్వు చెప్తే చెరువులోకైనా దిగుతా టీచరమ్మా," అన్నాడు. నవ్వాను. వేళ్ళు కొయ్యబారి, దిక్సూచిని గుండెకు ఆనించి పట్టుకున్నాను. కుడికి అన్నాను. ఇంకాస్త కుడికి అన్నాను.

పన్నెండూ పదికి అతను ఆగాడు. "ఇందాక గాలి ఎడమ చెంపకు కొట్టింది. ఇప్పుడు వీపుకు కొడుతోంది ఇష్బెల్."

"చెంపను కాదు, సూదిని నమ్ము," అన్నాను. అందరికీ అదే నేర్పుతాను. మళ్ళీ కుడికి అన్నాను.

అంచున పేరుకున్న మంచు చూరు విరిగిన చప్పుడు విన్నాను. అరుపు వినలేదు. పిలిచాను. చాలాసార్లు పిలిచాను. పన్నెండూ ఇరవైకి రక్షక దళానికి ఫోన్ చేసి, పడమరకు దిగుతూ పడిపోయాడని చెప్పాను. మబ్బు కాస్త విడినప్పుడు దారి దొరకబుచ్చుకుని ఒక్కదాన్నే దిగాను.

మూడింటికి ఇక్కడ పోలీసు స్టేషన్లో మీ బల్ల మీద ఫోనూ దిక్సూచీ పక్కపక్కన పెట్టాను. సూది గిర్రున తిరిగింది. ఫోన్ కవరు మూతలో అయస్కాంతం ఉంది. కొండ మీద ఆ ఫోన్ నా గుండె జేబులోనే ఉంది.

మేం పడమరకు నడవలేదు సార్. ఉత్తరానికి నడిచాం. నేనే నడిపించాను. సిగ్గుతో పావుగంట నోరు మెదపలేదు. ఇప్పుడు నాకు భయంగా ఉంది. నాలుగింటికి చీకటి పడిపోతుంది. వాళ్ళు వెతుకుతున్నది తప్పు వైపు.

ఇందులో ఒక్క మాట కూడా కల్పించలేదు. చదివి వినిపిస్తానంటున్నారు, వద్దు. ముందు వాళ్ళకు ఉత్తరం వైపని చెప్పండి. సంతకం తర్వాత పెడతాను.

వైర్‌లెస్ కబురు పంపిన సమయం: 3.19
సంతకం: ఇష్బెల్ గెడిస్, 3.31