కనపడని మంట

అదేటి మేడమ్, మాకొక్క మాట సెప్పకుండానే మెషిన్ ఎత్తేస్తారా? రేపు ఇప్పేసి వైజాగు పట్టుకుపోతన్నామని మీ వేన్ డ్రైవర్ సెప్తే తెలిసింది నాకు.

కూకోండి ప్రవల్లిక మేడమ్, స్టూలు తుడిసేను. మీ మీద నాకు కోపం లేదు. హైడ్రోజనో ఏదో, నీళ్ళలోంచి గ్యాసు తీస్తామంటే మొదట నవ్వింది నానే. నీళ్ళు పోస్తే మంట ఆరతాది గానీ పుడతాదా అన్నాను. ముప్పై ఏళ్ళు బెల్లం వండినోణ్ణి, నాకే సెప్తారా అనుకున్నాను.

తీరా సోడవరంలో ఆ ఎండ పలకలూ మెషినూ ఎట్టి, ఇటు వడ్డాది, అటు కోటపాడు దాకా బెల్లం పొయ్యిలకి సిలిండర్లు పంపేరా, మా నరసమ్మ ఇరవై రోజులు దగ్గలేదు. పెళ్ళయిన కాణ్ణుంచీ పొయ్యి మూతి కాడ కూకుని సెరకు పిప్పి ఎగదోసిన మనిషి. "పొగలో తెలీలేదు గానీ మావా, నువ్వింత నలుపా" అంది.

ఒకటే తేడా. పట్టపగలు ఆ మంట కంటికి ఆనదు. పైన పాకం కుతకుత ఉడుకుతాది, కింద సూస్తే ఏటీ ఉండదు.

మొన్న ఈ గ్యాసు పొయ్యి సూడ్డానికి పై ఆఫీసర్లొచ్చింది మిట్టమధ్యాన్నం. పెద్దాయన వంగి సూసి "ఇంకా ముట్టించలేదేటి" అన్నాడు. మీరు ఇంగ్లీషులో సెప్తన్నారు, ఆయన తలూపుతన్నాడు, నమ్మినట్టు లేదు. అంతలో పొగొచ్చింది. పొగుండదని మీరు రాసిచ్చిన కాయితం ఆయన సేతిలోనే ఉంది. అదే కాయితంతో ఇసురుకుంటా కారెక్కేసేడు.

గ్యాసులో ఏదో లోపమన్నారు మీరు. నానూ తలూపేను. గొట్టంలో ఎలక దూరిందేమో అని కూడా అన్నాను.

ఆ ఎలకని నానే మేడమ్.

నలుగురొచ్చి నిలబడితే పొయ్యి సల్లగా కనపడకూడదు మాకు. మా అయ్య కాలం నుంచీ అంతే, ముందు మంట ఎగదోసి, అప్పుడే రండి అంటాం. మీరటు తిరగ్గానే రెండు దోసిళ్ళ పిప్పి తోసేసేను. మంట లేసింది, ఎర్రగా, నిండుగా. మీ పరువు నిలబెట్టేననే అనుకున్నాను. పిప్పి పచ్చిదని తరవాత గానీ సూసుకోలేదు.

మూడ్రోజులు నోరు మూసుకున్నాను. సిలిండర్లు ఆగిపోయేయి, ఇయ్యాల పొద్దున్నే నరసమ్మ మళ్ళీ పిప్పి మోపు దించుకుంది. పొయ్యి మూతి కాడ కూకుని దగ్గతంది.

ఇంకో కాయితం తియ్యండి. తప్పు ఈ తవిటయ్యదే అని రాయండి, ఏలిముద్దర ఏస్తాను. పై ఆఫీసుకి సెప్పండి, పేపర్లో ఏయించండి, నాకేటీ సిగ్గు లేదు.

నరసమ్మకి మాత్రం సెప్పకండి.