బత్తాయి తెల్లపొర, క్యాథరిన్ గారి ప్రశ్న

1991 జూలై ఎనిమిదవ తేదీన, ముసురు పట్టిన ఉదయాన, ఉట్నూర్ దవాఖానలో పోషకాహార నిపుణురాలిగా చేరిన శ్రీమతి క్యాథరిన్ గారు ఈ నెలాఖరున కరీంనగర్‌లోని మన ఆసుపత్రి నుండి పదవీ విరమణ చేస్తున్నారు. సుల్తానాబాద్ సమీపంలోని వ్యవసాయ కుటుంబంలో జన్మించి, ఆదివారపు ప్రార్థనను, సోమవారపు పనిని సమాన శ్రద్ధతో నెరవేర్చిన ఆ విదుషీమణిని అభినందించే అవకాశం మనకు దక్కడం భాగ్యం.

చలికాలంలో ఉట్నూర్ అంగడికి మహారాష్ట్ర నుండి జీపుల్లో సంత్ర పండ్లు దిగే వేళ ఆమెకు తొలి సందేహం అంకురించింది. జనం తొనలు నోట్లో వేసుకుని, తొక్కనూ దాని కింది చేదు పొరనూ పారేసేవారు. "చెట్టు గింత చేదును ఊకెనే దాస్తదా?" అని తోటి నర్సులను అడిగేవారట. జవాబు ఎవరి దగ్గరా లేదు గానీ, ప్రశ్న మాత్రం బదిలీ మీద ఆమె వెంట కరీంనగర్ వచ్చింది.

ఇక్కడ రోగిని చూడవచ్చే ప్రతి బంధువు చేతిలోనూ బత్తాయిల సంచి ఉంటుంది. తెల్లపొర మచ్చయినా మిగలకుండా గీకి, రసం పిండి, వడగట్టి, చక్కెర కలిపి తాగించడం మన మర్యాద. మనం పారేసే ఆ పొరలోనే హెస్పెరిడిన్ వంటి ఫ్లేవనాయిడ్లు మెండుగా ఉంటాయని క్యాథరిన్ గారు చదివి తెలుసుకున్నారు. అవి రక్తనాళాల పనితీరును మెరుగుపరచవచ్చని కొన్ని అధ్యయనాలూ, చెడు కొలెస్ట్రాల్‌ను కొద్దిగా తగ్గించవచ్చని మరికొన్నీ, తేడా ఏమీ కనబడలేదని ఇంకొన్నీ చెబుతుంటే, మూడింటినీ సమాన గౌరవంతో అనుమానించారు. పంపరపనస వంటి పండ్లు కొన్ని కొలెస్ట్రాల్ గోలీలతో పొసగకపోవచ్చని తెలిసిన నాటి నుండి వార్డులో ఏ సంచినీ తొంగి చూడకుండా వదల్లేదు.

ఒకసారి వార్డులో మాట్లాడుతూ, "తెల్లపొర పారెయ్యకుండ్రి, రక్తనాళాలకు మంచిదంటున్నరు" అన్నారు. గుండెపోటు నుండి కోలుకుని ఇంటికి బయలుదేరిన మరమగ్గాల కార్మికుడు గంగయ్య ఆ మాట మూటగట్టుకుని పోయాడు. కొన్ని నెలలకు భార్య శంకరవ్వతో పరీక్షకు వచ్చేసరికి అతని కొలెస్ట్రాల్ బాగా పెరిగి ఉంది.

"గోలీలు ఏసుకుంటలేవా గంగయ్యా?"

"ఎప్పుడో బంద్ వెట్టిన మేడమ్. మీరు చెప్పిన తెల్లపొరనే పొద్దుమాపు తింటున్న."

"పొరనే గాదు, తొక్క గూడ ఇడుస్తలేడు," అని శంకరవ్వ అందుకుంది. "మా మ్యాకకు గూడ మిగులుతలేదు మేడమ్!"

వార్డంతా నవ్వింది. రెండో పోటు వస్తే ఈ మనిషి దక్కడేమోనన్న భయంతో క్యాథరిన్ గారు మాత్రం నవ్వలేదు.

"గోలి బంద్ వెట్టుమన్ననా?"

"వద్దని గూడ అనలే గద!"

ఆ జవాబుకు వేరొకరైతే కోపగించేవారు. ఆమె మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇంకా ఏమేం విన్నావో చెప్పమని అడిగారు. అతన్ని వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోయి గోలీలు మళ్ళీ మొదలుపెట్టించారు. ఆనాటి నుండి ఆమె ఏ మాట చెప్పినా, "ఇంటికి వొయ్యి ఏం చెప్తవు? ఇప్పుడే నాకు చెప్పు" అని రోగి నోట తిరిగి చెప్పించుకోనిదే కదలలేదు. ఈ అలవాటును మనలో చాలామందిమి ఆమె నుండే నేర్చుకున్నాము.

గంగయ్య కొలెస్ట్రాల్ క్రమంగా అదుపులోకి వచ్చింది. మళ్ళీ మరమగ్గం పనికి ఎక్కాడు. పోయిన నెల బత్తాయిల సంచితో వీడ్కోలు చెప్పవచ్చి, "నిజం చెప్పుండ్రి మేడమ్, గిది గోలి పనా, పండు పనా?" అని నిలదీశాడు.

"రెండూ తింటుంటే ఎట్ల తెలుస్తది? తెలుసుకోవాల్నని నాకు గూడ మస్తు ఉన్నది. గని గోలి ఆపి నీ గుండె మీద పరీక్ష వెట్ట."

గంగయ్య సంచి ఆమె చేతికిచ్చాడు. "అడగకముందే చెప్తున్న మేడమ్. ఇంటికి వొయ్యినంక గోలి ఏసుకుంట. ఆ తర్వాతనే పండు."

ఈసారి క్యాథరిన్ గారే ముందు నవ్వారు.

తన ప్రశ్నకు నిక్కమైన జవాబు దొరికే నాటి వరకూ, దొరికాక మరో ప్రశ్న పుట్టే నాటి వరకూ, భర్త డేవిడ్ గారితో బత్తాయి తొనలు పంచుకుంటూ, తెల్లపొర ఒలవకుండానే తింటూ, ఆమె ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము.