లైట్‌హౌస్ ఎక్కిన ద్యోక్‌బే

మోక్పో రేవులో చేపకేకుల బండి దగ్గర నిలబడి సొరిన్ నోట్‌బుక్ తెరిచింది. తెల్లారితే షూటింగ్. కాలేజీకి తీస్తున్న పదినిమిషాల సినిమాలో ఆఖరి షాట్ లైట్‌హౌస్ మీంచి తీయాలి. చోటు చూసి, అనుమతి అడిగి రమ్మని పొద్దున పంపితే, సీనియర్ ద్యోక్‌బే సాయంత్రానికి తేలాడు.

"ఎక్కాను చూడు మెట్లు, అదీ ఒంటికాలి మీద! రెండోకాలికి ట్రైపాడ్ కట్టుకున్నా కదా. పైకెళ్తే ఫ్రేమ్ బాగానే ఉంది గానీ ఇంకో మూడడుగులు వెనక్కి జరగాలి. వెనకేమో సముద్రం. అప్పుడేం చేశానో తెలుసా?"

"దూకావా?" అంది బండి పిన్ని, పులుసు కలుపుతూ.

"దూకితే కెమెరా తడవదూ పిన్నీ? గాలికి ఆనుకుని నిలబడ్డా! అంతలో ఓ సీగల్ వచ్చి కెమెరా తన్నుకుపోయింది. 'నెమ్మదిగా ఎడమకి తిరగవే' అని కేకేశా. తిరిగింది! షాట్‌లో వణుకన్నదే లేదు. జెజు దీవికెళ్ళే ఓడ అడ్డమొస్తే చెయ్యూపా, కెప్టెన్ టోపీ తీసి మరీ వెనక్కి పోనిచ్చాడు. ఈలోగా సూర్యుడు దిగిపోతున్నాడు..."

"ఆయన్నీ ఆపావా అన్నా?" సొరిన్ నవ్వింది.

"ఆపలేదమ్మా, బతిమాలా. ఇంకో టేక్ అన్నా. పాపం, రెండుసార్లు అస్తమించాడు."

నవ్వుతూనే సొరిన్ 'పైనుంచి, మెల్లగా ఎడమకి' అని రాసుకుంది. కోతలు కోతలే గానీ, ఆ షాట్ మాత్రం ఆమెకి నచ్చింది. కనీసం పైకి ఎక్కి చూసే ఉంటాడనుకుంది.

పక్క బెంచీ మీది పెద్దాయన కప్పు కింద పెట్టాడు. చొక్కా నిండా తెల్లరంగు చుక్కలు.

"బాబూ, పది రోజులుగా ఆ లైట్‌హౌస్‌కి రంగులేస్తున్నది మేమే. చుట్టూ ఆకుపచ్చ వల కట్టేశాం. పైనుంచి వల తప్ప ఇంకేం కనబడదు. నీ పక్షి ఎటునుంచి దూరింది?"

సొరిన్ పెన్ను ఆగిపోయింది. "నిజం చెప్పు అన్నా. అసలు వెళ్ళావా?"

ద్యోక్‌బే నేలచూపులు చూశాడు. "బస్సే ఎక్కలేదు. ఎత్తంటే నాకు కళ్ళు తిరుగుతాయి."

సొరిన్ మొహం చూసి పెద్దాయనే జాలిపడ్డాడు. "అనుమతి సంగతి ఆఫీసులో నేను చెప్తాలే. మావాళ్ళు ఎనిమిదికి గానీ రారు. రేపు పొద్దున ఆరింటికల్లా రండి, సముద్రం వైపు వల పైకి కడతా."

సొరిన్ నడుం వంచి దణ్ణం పెట్టింది. "వస్తాం తాతా. కెమెరా మా అన్నే పట్టుకుంటాడు."

ద్యోక్‌బే పెద్దాయన వైపు తిరిగాడు. "మెట్లు... చాలా ఉంటాయా తాతా?"

"మెట్లెక్కడివి? అవి బాగుచేస్తున్నారుగా," అన్నాడు పెద్దాయన. "బయటినుంచి నిచ్చెన ఉంది."