నానమ్మ తడిమిన గడ్డం

ఆ రోజు ఇంట్లో నలుగురం ఉన్నాం: అమ్మ, ముందుకొచ్చిన దవడకు ఆపరేషన్ చేయించుకున్న అక్క, నిన్న బిట్రగుంట నుంచి వచ్చిన నానమ్మ, నేను. నానమ్మకు చూపు లేదు, చెవులూ సరిగా వినపడవు. వంటింట్లో అమ్మా అక్కా మాట్లాడుకుంటుంటే నేను వసారాలో రొయ్యలు ఒలుస్తూ విన్నాను.

"ఏమన్నారే డాక్టరు గారు?"

"ఆపరేషన్‌కు ముందే నా దవడ ఎట్టుండాలో కంప్యూటర్లో బొమ్మ చేసినారు గదమ్మా. ఇప్పుడు మళ్లీ స్కాన్ తీసి, ఆ బొమ్మ మీద ఈ బొమ్మ పెట్టి చూసినారు. మిల్లీమీటరు తేడా కూడా లేదంట."

"అల్లా దయ. మరి ఆ ఏడుపు మొహమేంది?"

"నానమ్మ నా గడ్డం తడిమి, ఎవరి పిల్లవమ్మా అనడిగింది."

"చెప్పకపోయినావా?"

"చెవిలో అరిచినా. మా షాహిస్తా గడ్డం నాకు తెలీదా, పో అనింది. తర్వాత చెల్లి గడ్డం పట్టుకుని, వచ్చినావా షాహిస్తా అని ముద్దు పెట్టుకుంది."

"దానిదీ నీ పాత గడ్డమే గదా."

"నేను షాహిస్తాను కాదని అదన్నా చెప్పాలి గదా! అట్టే కూర్చునింది."

"దానికి నోరెక్కడిది? రేపు ఊరికి పోయే మనిషి, చెల్లినే నువ్వనుకోనీ."

"మరి చెల్లి ఏదని అడిగితే?"

"వచ్చినకాడి నుంచి అడిగిందా?"



గదిలోంచి నానమ్మ "షాహిస్తా" అని పిలిచింది. నేను చేతులు కడుక్కుని లేచాను. గుమ్మం దాకా వెళ్లేసరికి అక్క నన్ను దాటుకుని లోపలికి పోయింది.

"పిలిచింది నన్ను" అని తలుపు వేసేసింది.