కాంచన నోరు కట్టేసిందెవరు?

చింతామణిలో ఒక ఆసుపత్రి. పరగోడు పల్లె నుంచి కోడలు కాంచనను తీసుకొచ్చిన అత్తగారిని నర్సు వరండాలోకి పిలిచింది.

"మీ కాంచనను తిననీకుండా చేస్తాండేది ఎవురో తెలిసింది పెద్దమ్మా."

"ఎవురు? పేరు చెప్పు నర్సమ్మా, కాళ్లిరగ్గొడతా!"

"మీరే."

"నేనా? జరం తగ్గినప్పట్నించీ తిను తిను అని దాని పక్కలోనే కూసోనుండాను కదమ్మా!"

"మీరు తిన్నారా?"

"నా సంగతి ఎందుకులే."

"అత్త తినకముందు కోడలు తినేది మీ ఇంట్లో లేదంట కదా. ఇప్పుడే నా చెవిలో చెప్పింది. లేసి కూసునే శక్తి లేకున్నా మర్యాద మాత్రం పోలేదు. మీరెందుకు తినలేదు?"

"అది ఒక ముద్దన్నా తినేదాకా మెతుకు ముట్టనని గంగమ్మకు మొక్కుకుంటి. మొక్కు బయటికి చెప్పకూడదని దానికీ చెప్పలేదు."

"బాగుండాది! ఇంక మీకూ ఒక మంచం వెయ్యాల నేను."

"నేను తిన్నానని అబద్ధం చెప్పు తల్లీ."

"చెప్పి చూస్తిని. మీ మొగం చూసి నమ్మలేదు."

అత్తగారు కొంగు నడుముకు దోపుకుంది.

"దానికని తెచ్చిన ఆ గంజి ఇట్ల తే. దాని కండ్ల ముందరే తాగుతా. గంగమ్మకు కోపమొస్తే నా మీదికి రానీ, దాని మీదికి వద్దు."