మా అవ్వ జెప్పిన పేరుతోనే బాప్తిస్మం

"తాతా, మన చర్చిల అందరు సామేలులు, దావీదులు, యాకోబులు. నువ్వొక్కనివే రాజయ్య. నీకు అసలు బాప్తిస్మం అయిందా, కాలేదా?"

ఓ పోరీ, గదేం మాట! అయింది. మంచిగనే అయింది. ఆ ఫోన్ల ఎర్రచుక్క మెరుస్తాంది, రికార్డు అయితున్నట్టేనా? సరే కానియ్. జర దగ్గరికి జరుపు, నా గొంతు ఎన్కటి లెక్క లేదు. వచ్చే ఆదివారం నీకు బాప్తిస్మం పెట్టుకొని గిప్పుడు అడుగుతున్నవా తాత సంగతి? పందొమ్మిదేండ్లు ఏడ వోయినవే? అంటే... నీ తప్పు గాదులే. నువ్వు పుట్టంగనే చేపిద్దామనుకున్నం. మీ బాపేమో మస్కట్‌కెల్లి నేనొచ్చినంక అన్నడు. ఆయన వచ్చినప్పుడు చర్చిల బాప్తిస్మమిచ్చే అయ్యగారు ఊర్ల లేకపాయె, అయ్యగారు ఉన్నప్పుడు ఆయనకు లీవు దొరకకపాయె. గట్ల గట్లనే నువ్వు గింతదానివైనవ్. ఇప్పుడు సుత వస్తలేడు సూడు.

నా పేరు ముచ్చట జెప్పాలంటె మా అవ్వ కాడికెల్లి షురూ జేయాలె. నన్ను కన్నతల్లి, మీ బాపుకు బాపమ్మ అన్నట్టు. నువ్వు సూడలే. పొట్టిగ ఉండేది, నోరు మాత్రం పెద్దది. బీడీలు జేసేది. పొద్దుగాల ఒళ్లె చాట పెట్టుకుంటె మాపటికే దించుడు. మెట్‌పల్లి దిక్కు గప్పుడు ఏ ఇంట్ల సూసినా గదే పని గద. ఆమె చెయ్యి తంబాకు వాసన, చీర తంబాకు వాసన, ఆమె కలిపి పెట్టిన బువ్వ సుత తంబాకు వాసన. గా తంబాకును యాది పెట్టుకో, మల్ల వస్తది ముచ్చట్ల.

నాకంటె ముందు ఇద్దరు పుట్టి పోయిన్రు. మూడోసారి నేను కడుపుల పడంగనే మా అవ్వ వేములవాడ రాజన్నకు మొక్కింది. గీ పిల్లగాడు దక్కితె నీ పేరు వెడ్త, నీ గుడిల కోడెను కడ్త, నడుసుకుంట వస్త అని. నేను దక్కిన. ఏడాది నిండినంక పుట్టెంటికలు తీపిద్దామని మా బాపు బండి కట్టిండట. ఈమె ఎక్కలే. మొక్కింది నడుస్తనని, ఎట్ల ఎక్కుత అన్నదట. బండ్ల నేను, మా బాపు, ఆమె బండెన్క నడక. గంత దూరం! గంత మొండిది. గట్ల నేను రాజయ్యనైన. ఇప్పుడు పిల్లలకు ఫోన్ల సూసి పేర్లు వెడ్తున్నరు, గప్పుడు గట్ల గాదు బిడ్డా, ఒక్కొక్క పేరు ఎన్క ఒక్కొక్క ఏడుపు ఉండేది.

ఇగ నా లగ్గమైంది. మీ బాపమ్మ ఎస్తేరు చర్చి ఇంటి పిల్ల. మా అవ్వ ఏమన్నదో ఎర్కేనా? "కోడలు ఏ దేవునికన్న మొక్కనియ్, పచ్చిపులుసు మంచిగ జేస్తది" అన్నది. కోడలు చర్చికి పోవచ్చు, కొడుకు మాత్రం పోవద్దు, గదీ ఆమె లెక్క. నేను ఆదివారం పొద్దుగాల మీ బాపమ్మను సైకిల్ మీద దించి, కిటికీ కింద కూసొని బీడీ తాగేటోన్ని. నాలుగాణాలకు చాయ వచ్చేది గప్పుడు, చాయ తాగి మల్ల వచ్చి కూసునేటోన్ని. పాట వినవడేది, అయ్యగారి మాట వినవడేది. ఏడెనిమిదేండ్లు గా కిటికీ కిందనే గడిచినై. మీ బాపమ్మ ఒక్కనాడు సుత లోపటికి రమ్మని గుంజలే. గుంజితె పోయేటోన్ని గాదు. గది ఆమెకు తెలుసు.

నాకు సమజ్ కానిది ఒక్కటే. గీ నీళ్లు ఏం జేస్తయ్? చర్చిల పోసే నీళ్లు ఏడికెల్లో రావు, మా వాడకట్టు బాయి నీళ్లే, మీ బాపమ్మనే బిందెల మోస్తది. గవే నీళ్లతోని మేము పప్పు ఉడకబెడ్తం, బర్రెను కడుగుతం. మరి నెత్తి మీద పోస్తె మనిషి మారుతడా? నాకు సూడాలనిపిచ్చింది. మా పక్క పొలం నర్సయ్య గా యేడు బాప్తిస్మం తీసుకొని నతానియేలు అయిండు. నేనేం జేసిన? నెల దినాలు ఆయన ఎన్కనే తిరిగిన. ఏం తింటుండు, ఎట్ల మాట్లాడుతుండు, పెండ్లాన్ని తిడుతుండా లేదా. ఆయన పరేషాన్, గీ రాజయ్యకేమైంది ఎన్కవడ్డడని! ఒకనాడు పొలానికి నీళ్ల వంతు కాడ లొల్లి అయింది. అగో, పేరు కొత్తది గని తిట్లన్ని పాతయే.

సక్కగ అయ్యగారి కాడికి పోయిన. ఆయన వాకిట్ల కూసొని సైకిల్ పంచర్ ఏసుకుంటుండు. "అయ్యగారూ, నర్సయ్య తడిసిండు గని ఆయన కోపం తడువలే" అన్న. ఆయనకు నవ్వు ఆగలే. "రాజయ్యా, నారు పోసిన దినమే కొడవలి పట్టుకొని పోతవా?" అన్నడు. పోను అన్న. "నర్సయ్యది ఇంక నారే, జర టైం ఇయ్యి" అన్నడు.

"మరి నీళ్లు ఏం జేస్తయ్?" అన్న. "నీళ్లు ఏం జేయయి. జేసేది దేవుడు. నేను పాత బతుకు ఇడిసిపెట్టిన, ఇగ నీ మనిషినే అని నువ్వు ఆయనకు అంటవు. నువ్వు నావాడివే అని ఆయన ఎప్పుడో అన్నడు. గా రెండు మాటలకు నీళ్లు గుర్తు" అన్నడు. నేను ఊకుంటనా? "మనసుల అనుకుంటె సాలదా, మల్ల గుర్తెందుకు?" అన్న. "ఎస్తేరు మెడల పుస్తె ఎందుకు గట్టినవ్, మనసుల అనుకుంటె సాలకపాయెనా?" అన్నడు.  ఎదురుంగ బకెట్ల నీళ్లు, నీళ్లల్ల సైకిల్ ట్యూబు. ఇప్పటోళ్లయితె గా ట్యూబు మీదనే గంటసేపు ప్రసంగం జేసేటోళ్లు. మా అయ్యగారు మాత్రం కన్నం వెతికి పంచరే ఏసుకున్నడు.

నేను ఎప్పుడు నమ్మిన్నో నాకే తెల్వదు బిడ్డా, నిజం జెప్తున్న. ఒకనాడు మక్క చేన్ల మంచె మీద ఒక్కన్నే ఉన్న, ఏదో మాట్లాడుకుంటున్న. ఎవనితోని మాట్లాడుతున్ననా అని సూసుకుంటె గది ప్రార్థన. గంతే. ఉరుములు లేవు, మెరుపులు లేవు. నాకు మస్తు సంతోషమైంది, భయం సుత అయింది. దేవుడంటె గాదు, మా అవ్వంటె.

జెప్పిన. బాప్తిస్మం తీసుకుంట అవ్వా అన్న. చాట దించి పక్కకు వెట్టింది. మాపు గాకముందు ఆమె చాట దించుడు నేను ఎన్నడు సూడలే. తిడ్తదనుకున్న, తిట్టలే. "ఉన్నది ఒక్కనివి. నువ్వు గా పేరు ఇడిసి, గీ ఇల్లు ఇడిసి, ఇంకో దేవుని కొడుకువు అయితె, నేను సచ్చినంక నాకు తలగోరు నిప్పు ఎవడు పెడ్తడు రా?" అన్నది. ఇద్దరిని పోగొట్టుకొని నన్ను కన్నది గద. మూడోవాన్ని నీళ్లు గుంజుకపోతున్నయ్ అనుకున్నది ముసల్ది. మల్ల చాట ఒళ్లె పెట్టుకున్నది. గా దినం సంది నాతోని మాట బంద్. బువ్వ పెట్టుడు పెట్టేది, "తిను" అనకపోయేది.

మల్ల అయ్యగారి కాడికే పోయిన. బాప్తిస్మం తీసుకుంటె నేను మా అవ్వ కొడుకును గాకుండ పోతనా అని అడిగిన. గా దినం నవ్వలే ఆయన. "దేవుడు నిన్ను కొడుకా అంటె, మీ అవ్వను ఇడిసిపెట్టుమని కాదు రాజయ్యా. ఇంక మంచిగ సూసుకొమ్మని. ఆమె సావు సంగతి ఆమె ఇష్టం, నేనేం జెప్పను. నువ్వు మాత్రం ఆమె పక్కకెల్లి లేవకు" అన్నడు.

ఆదివారం ఖాయమైంది. చర్చి పెద్దమనుషులు కూసొని నాకు పేరు సూసిన్రు, సమూయేలు. గప్పుడు గది రివాజు, పెద్దయినంక వచ్చినోళ్లకు కొత్త పేరు. అయ్యగారు మార్చుకొమ్మని అనలే, వద్దని సుత అనలే. నేను సరే అన్న. మా అవ్వకు మాత్రం జెప్పలే. గది నా తప్పు. ఊర్ల మాట దాగుతదా బిడ్డా, బీడీల కార్ఖానకు పోయి వచ్చేసరికి ఆమెకు ఎర్కయింది.

గా పొద్దు మీ బాపమ్మ నా భుజం మీద కొత్త తువ్వాల ఏసింది, నెత్తి తుడుసుకొమ్మని. అయ్యగారి ముంగట మోకాళ్ల మీద కూసున్న. ఇత్తడి గిన్నెల నీళ్లు. ఆయన చెయ్యి ముంచిండు. "నీ పేరేంది?" అన్నడు. గది అడుగుడు పద్ధతి. నేను నోరు తెరిసిన. స... అన్ననో లేదో, ఎన్కకెల్లి డోర్ కాడ చెప్పుల నడుమ నుంచి ఒక్క కేక.

"రాజయ్య! వాని పేరు రాజయ్య!"

చర్చంత ఎన్కకు తిరిగింది. మా అవ్వ. మెట్టు ఎక్కలే, లోపటికి రానని ఒట్టు పెట్టుకున్నదాయె. బయట నిలవడి మొత్తుకుంటాంది. "నేను నడిసిపోయి తెచ్చుకున్న పేరు. నీళ్లు పోస్తె పోసుకోన్రి, పేరు మాత్రం ముట్టకున్రి!" పెద్దమనుషులు అయ్యగారి దిక్కు సూసిన్రు. నేను తల దించుకున్న, భూమి పగిలితె బాగుండు అనిపిచ్చింది. అయ్యగారు గిన్నెల చెయ్యి గట్లనే పెట్టి, జర సేపు మా అవ్వ దిక్కే సూసిండు. "తల్లి జెప్పింది గద" అన్నడు. అని "రాజయ్యా" అని పిలిసి, తండ్రి పేర, కుమారుని పేర, పరిశుద్ధాత్మ పేర మూడుసార్లు నెత్తి మీద నీళ్లు పోసిండు.

సల్లటి నీళ్లు మెడ మీదికెల్లి కారుతున్నయ్. నేను కండ్లు మూసుకున్న. ఎవరో వచ్చి నా నెత్తి పట్టుకొని బరబర తుడుస్తున్నరు. తువ్వాల తోని గాదు. తంబాకు వాసన. మా అవ్వ కొంగు! ఎప్పుడు ఎక్కిందో మెట్టు, ఎట్ల వచ్చిందో, ఒట్టు ఏడ వోయిందో. "పోరడు తడిసిండు, సర్ది వట్టదా" అనుకుంట తుడుస్తాంది. కొంగు నిండ తంబాకు పొడి గద, నా ముక్కుల వడ్డది. ఇగ సూడు, హాఛ్! గంత పెద్దగ తుమ్మిన. బాప్తిస్మం అయినంక నా నోట్లెకెల్లి వచ్చిన మొదటిది ప్రార్థన గాదు, పాట గాదు, తుమ్ము!

"నూరేండ్లు, సల్లగ నూరేండ్లు బతుకు కొడుకా" అన్నది మా అవ్వ, చిన్నప్పుడు నేను తుమ్మితె అన్నట్టే. నాతోని మాట్లాడక నెల దాటింది గప్పటికి. అయ్యగారు ఏమన్నడో ఎర్కేనా? "ఆమెన్" అన్నడు. చర్చంత ఆమెన్ అన్నది. నాకు ఏడుపాగలే బిడ్డా. ఇగో, ఇప్పుడు జెప్తుంటె సుత...

మా అవ్వ చర్చిల కలువలే. ఆకరి దాక రాజన్నకే మొక్కింది. సచ్చే ముందు, "నిప్పు మీ చిన్నబాపు కొడుకు పెడ్తడు, జెప్పి పెట్టిన. మోసేది మాత్రం నువ్వే" అన్నది. మోసిన. ఈ భుజం మీదనే. అయ్యగారు సుత ఎంబడి నడిసిండు. ఏం మారింది నీళ్లతోని అంటవా? నాకు ఇంకా పూరాగ ఎర్క లేదు. డెబ్బై దాటినై, నాది ఇంక నారేనేమో. కోపం తగ్గింది అంటది మీ బాపమ్మ, సగం.

"అమ్మమ్మ నిన్న ఫోన్ల ఏడ్చింది తాతా. నువ్వు ఇగ మా పిల్లవు గావు అన్నది. చర్చి పెద్దోళ్లు నాకు షారోను అని పేరు సూసిన్రు, గది సుత ఎవరో జెప్పిన్రట."

గట్ల జెప్పు మరి! గందుకా నా పేరు మీద గంత ఫికర్! నేను మొదలే అనుకున్న. మీ అమ్మోళ్లది చర్చి ఇల్లు గాదు, నీకు శ్రావణి అని పెట్టింది ఆమెనే గద, శ్రావణంల పుట్టినవని. చేతులల్ల ఏసుకొని ఊరంత సూపిచ్చింది. ఏడవదా మరి? ఫోన్ల జెప్తె గాదు బిడ్డా గది. శనివారం నువ్వే హుస్నాబాద్ బస్సెక్కు, ఆమె కాళ్ల కాడ కూసొని రమ్మని అడుగు. లోపటికి రాను అంటది, రావద్దు అని జెప్పు. మోకాళ్ల నొప్పులు ఆమెకు, ఎంతసేపు నిలవడ్తది, నేను డోర్ కాడ చెప్పుల పక్కన కుర్చీ ఏపిస్త. పెద్దమనుషులు ఏమన్న అంటె నేను మాట్లాడుత, ముసలోన్ని, నన్నేం జేస్తరు.

అయ్యగారు పేరేంది అని అడుగుతడు గద, గప్పుడు నువ్వు జల్ది నోరు తెర్వకు. జర ఆగు. డోర్ దిక్కు సూడు. సల్లగుండు బిడ్డా, నా ఆయుష్షు సుత నువ్వే పోసుకొని బతుకు... ఇగ బంద్ జెయ్ గా ఫోన్. ఆఁ, ఇంకోటి. మీ బాపమ్మ తువ్వాల ఇస్తనంటది. తీసుకోకు.