చెంగమ్మ గడపలో గోవిందా

చెంగమ్మ అని ఒకామె. ఆమె మొగుడు మునిరత్నం చింతకాయలు రాల్చేదానికి చెట్టెక్కి, కొమ్మ విరిగి కింద పడినాడంట. నడుము పోయింది. ఆసుపత్రిలో డాక్టర్లు, బిరీన ఆపరేషన్ చేస్తే నడుస్తాడు, లేదంటే జన్మంతా మంచమే అని చెప్పి, దుడ్లు కుదిరినాక రమ్మని ఇంటికి పంపేసినారు. ఆవుల్ని అమ్మింది, మెళ్ళో గొలుసు అమ్మింది, చాల్లేదు. ఏం చేస్తుంది చెప్పండి? ఆసుపత్రిలో పక్క మంచం ఆయమ్మ అప్పుడే చెప్పిందంట, ఫోన్లో వీడియో పెట్టి అడుగు చెంగమ్మా, ముక్కూ ముఖం తెలీనోళ్ళు కూడా ఇస్తారు, కాకపోతే రొంత ఏడువు, ఏడిస్తేనే ఇస్తారు అని. ఈమెనా ఏడ్చేది? "నేనేం తప్పు చేసినానని ఏడ్చాల? అడుగుతా, అంతే" అని ఫోను ముఖానికెదురుగా పెట్టుకొని, "నేను చెంగమ్మను. నా మొగుడు నడవాల. నా దగ్గరుండింది అయిపోయింది. మీ దగ్గరుంటే ఇయ్యండి, లేకుంటే లేదు" అనిందంట. అది చూసి యాడాడోళ్ళో పంపిస్తా ఉండారు.

ఏమైందంటే, ఆ వీడియో తిరిగి తిరిగి మునిరత్నానికి అన్న అయ్యే దొరస్వామి ఫోన్లోకే వచ్చిందనుకో. ఆయప్ప ఎగిరి దూకినాడు. ఇద్దరు పెద్దమనుషుల్ని ఎంటేసుకొని వచ్చి, ఊరూ పేరూ తెలీనోళ్ళ ముందర చెయ్యి చాపి మన ఇంటి పరువు బజారుకీడ్చినావు, అది తీసెయ్, మీకుండే చింతతోపు తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకో, అదీ మర్యాద అన్నాడంట. "తోపు తాకట్టు ఎప్పుడో అయిపోయింది బావా. తీసేస్తా. తక్కువ పడింది నువ్విస్తావా?" అనింది చెంగమ్మ. అంతే, ముగ్గురికి ముగ్గురూ గోడమీద క్యాలెండర్ చూస్తా ఉండిపోయినారంట! ఆఖరికి దొరస్వామి లేచి, "అది తీసేదాకా మేమెవురూ నీ గడప తొక్కం" అన్నాడు. "తొక్కబాకండి" అనిందీమె.

ఆ వచ్చింది పెరటాసి నెల, గోవిందుడి నెల. మన పక్క ఆచారం మీకు తెలిసిందే కదా, శనివారం పొద్దున ఎంత కలిగినోడైనా చెంబుకు నామాలు పెట్టి, గోవిందా గోవిందా అని ఇంటింటికీ పోయి బియ్యం అడగాల, ఆ బియ్యమే వండి స్వామి ముందర ఆకులో తళిగ వెయ్యాల. వీధిలో ఒక్క ఇల్లు వదిలినా ఆ తళిగ చెల్లదు. కోపంలో దొరస్వామికి ఇది గుర్తు రాలేదనుకో! వరసగా అడుక్కుంటా అడుక్కుంటా చెంగమ్మ గడప ముందరికి వచ్చి పడినాడు. తొక్కితే మాట పోయె, తొక్కకపోతే తళిగ పోయె. గోవిందా అన్నాడంట, ఎనకాల నిలబడిన పెండ్లాం కుప్పమ్మకే వినపళ్ళేదు.

చెంగమ్మ చేటలో బియ్యం పట్టుకొని వచ్చింది. "ఏం బావా, కాళ్ళూ చేతులూ బాగుండాయి, మడి ఉండాది, మిద్దె ఉండాది, అడుక్కునేదానికి సిగ్గు లేదా?" ఇది దేవుడికే చెంగమ్మా అన్నాడు ఆయప్ప. "నాది మనిషికి! దేవుడేమన్నా నడుము విరిగి మంచంలో ఉండాడా?" వీధి వీధంతా నిలబడిపోయిందంట. చెంబు నిండి పొర్లేదాకా బియ్యం పోసింది. పోసి, కొంగు చాపింది. "నువ్వడిగితే నేనిచ్చినా. ఇప్పుడు నేనడుగుతా ఉండా. ముక్కూ ముఖం తెలీనోళ్ళు ఇచ్చినారు, తోడబుట్టినోడివి నువ్వేమిస్తావు?" దొరస్వామి వంగి, కింద పడిన బియ్యం ఏరతా ఉండాడు. కుప్పమ్మే ముందరికొచ్చి, చేతికుండే బంగారు గాజులు తీసి ఆ కొంగులో ఏసేసింది. ఏందే అది అని మొగుడంటే, "మా పుట్టింటోళ్ళు పెట్టినవి. నువ్వు నోరు మూసుకొని గోవిందా అను" అనిందంట!

ఆపరేషన్ అయింది. మునిరత్నం కర్ర పట్టుకొని నడుస్తా ఉండాడు. వీడియో తీసేసిందా అంటారా? తీసేయలేదు, మొగుడు నడిచేది ఇంకోటి తీసి దాని పక్కనే పెట్టింది, ఇచ్చినోళ్ళు చూడాల కదా అని. ఇప్పటికీ కొందరు అంటారు, అడుక్కున్నది అని. అననీ, మనకేం! ఇంతసేపు చెప్పి నా నోరెండిపోయింది, ఎవరి దగ్గరన్నా వక్కాకు ఉంటే ఇటియ్యండి. అవును, అడుగుతానే ఉండా. సిగ్గేం పడటం లేదు.